నేల అడిగిన పెట్టె

"నేల దొరకలేదు. నేను పనిచేయను," అంది పెట్టె నాలుగోసారి.

డాక్టర్ సువర్చల గడియారం చూసుకుంది. రెండున్నర. నాలుగింటికల్లా టెస్ట్ రిపోర్టు వెళ్లకపోతే, విజయనగరంలో సన్నాయి వాయించే పైడిరాజుకి ఐదింటికి గుండె పంపు అమర్చరు. అతని గుండె రేపటిదాకా కొట్టుకునేలా లేదు.

2061లో ఒక్కో వార్డులో పాతికమంది గుండె పంపులతో పడుకుంటున్నారు. ఒకరి పంపు విడిచే రేడియో రొద పక్కమంచం వాడి పంపుని కంగారు పెట్టకూడదు. అందుకే ప్రతి పంపునీ విశాఖ కొండవాలు మీదున్న ఈ ల్యాబ్‌కి తెచ్చి, దాని రొద కొలుస్తారు. కొలవడానికి పంపుకీ కరెంటుకీ మధ్య ఒక పెట్టె కూర్చుంటుంది. దాని లోపలి కెపాసిటర్ల గుండా కొంత కరెంటు ఎప్పుడూ నేలలోకి జారుతూనే ఉంటుంది. ఆ దారి మూసుకుపోయిందా, కరెంటు పెట్టె ఒంటిమీదే నిలబడి, ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. ఇక చెప్పేదేముంది!

పాత పెట్టెలకి ఈ సంగతి పట్టేది కాదు. సువర్చల తయారుచేసిన 'భూమిత్ర'కి పడుతుంది. ముందు నేలని పరీక్షించుకుని, బాగుంటేనే వెలుగుతుంది. ఆ ధీమాతోనే రెండు నెలల కిందట ఆవిడ ఒక ఆర్డరు మీద సంతకం పెట్టింది: ఇకమీదట, కరెంటుని నేలలోకి దించే ఎర్త్ గోతికి నీళ్లు పోయనక్కర్లేదు, మిషనే చూసుకుంటుంది.

మిషన్ చూసుకుంది, నిజమే. గొయ్యి ఎండిపోయిందని చూసి చెప్పింది. ఎండిన నేల కరెంటుకి అడ్డం పడుతుంది; ఆ అడ్డు రెండు ఓమ్‌లు దాటకూడని చోట ముప్పై ఎనిమిది.

ఫోన్ మోగింది. పైడిరాజు భార్య గౌరమ్మ. "అమ్మా, ఇంకెంతసేపు? ఆయన మాటిమాటికీ అడుగుతున్నాడు."

"అయిపోతుందమ్మా," అని ఫోన్ పెట్టేసి, సువర్చల సిగ్గుపడింది. ఆ సిగ్గులోనే, పక్కనున్న ఎలక్ట్రీషియన్ దాలినాయుడితో అనకూడని మాట అనేసింది. "నాయుడు గారూ, ఆ నేల సెన్సర్ వైర్లు రెండూ కలిపి చుట్టేయండి. పెట్టె నేల ఉందనుకుంటుంది. అరగంట పనే కదా."

"నాను సెయ్యనమ్మా."

"అవతల మనిషి ప్రాణం నాయుడు గారూ!"

"ఇవతల మీదీ పేనమే కదా." అతను నల్లబడ్డ బొటనవేలు చూపించాడు. "ముప్పయ్యేళ్ల కిందట మాటిమాటికీ మెయిన్ పడిపోతందని పచ్చ ఎర్త్ వైరు పీకేసినోణ్ణి నానే. పదండి, గోతికాడికి."

ఇద్దరూ పెరట్లోకి పరిగెత్తారు. క్యాంటీన్ నుంచి మూడు కిలోల ఉప్పు తెచ్చి గోతిలోకి దిగిన గొట్టంలో పోశారు. చెరో బకెట్ పట్టుకుని నీళ్లు మోశారు. డాక్టరేట్ ఉన్నావిడ చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లు మోస్తుంటే ల్యాబ్ ల్యాబంతా కిటికీల్లో చేరింది. పద్దెనిమిది బకెట్లయ్యాక పెట్టె తనంతట తానే వెలిగింది. అప్పటికి మూడుంబావు. టెస్ట్‌కి అరగంట పట్టింది. పంపు నెమ్మదస్తురాలు, పాసయింది. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా రిపోర్టు, దాని వెనకే పంపు ఆసుపత్రికి వెళ్లాయి.

పైడిరాజు బతికాడు. కథ ఇక్కడితో ఆగితే బాగుండేది కానీ, ఆడిటర్లనే వాళ్లున్నారు కదా.

టెస్ట్‌లో వాడిన ప్రతి పరికరం పేరూ రిపోర్టులో రాయాలన్నది రూలు. సువర్చల నిజాయితీగా రాసింది: భూమిత్ర ఒకటి, బకెట్లు రెండు, దాలినాయుడు ఒకరు. ఆడిటర్లు బకెట్లని కొట్టేశారు. దాలినాయుణ్ణి మాత్రం రిజిస్టర్లో ఎక్కించి, నంబరిచ్చి, ఏటా పరీక్షించాలన్నారు. దాంతో ఆయనకి రిటైర్మెంట్ లేకుండా పోయింది. పరికరాన్ని తీసేయాలంటే అలాంటిదే ఇంకోటి చూపించాలి మరి.

మూడేళ్ల తర్వాత బొబ్బిలిలో ఒక పెళ్లికి పైడిరాజు సన్నాయి. దాలినాయుడికి స్వయంగా పిలుపొచ్చింది. ఆయన సెలవడిగితే ఆఫీసు సెలవివ్వలేదు. పరికరాలకి సెలవులుండవట, గేట్ పాస్ కావాలట.

సువర్చల నవ్వు ఆపుకుంటూ పాస్ రాసింది. 'తిరిగి తేవలసినదా?' అన్నచోట 'తప్పకుండా' అని రాసింది. 'వెంట తీసుకెళ్లేవారు' అన్నచోట తన పేరు రాసుకుంది.