మెరక మట్టి

రేపల్లెలో రైసు మిల్లు వెనక సందులోకి రమ్మంటే పొద్దుగుంకాక ఏ ఆటోవాడూ రాడండి. సందు మొదట్లోనే దింపేసి, "నడిచెళ్లండమ్మా, రెండడుగులే" అంటాడు. రెండడుగులే అయితే నువ్వే రావచ్చుగా! రాడు. సందు చివర మైథిలి వాళ్ల ఇల్లుంది కదా... ఆ ఇంటి గడ్డి మీద బాలింత దెయ్యం కూర్చుంటుందని ఊరంతా పుకారు.

నేను ఆ ఇంటికి ఎదురింటిదాన్ని. కరీమాబీ అంటే ఈ చుట్టుపక్కల జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ దెయ్యం సంగతి సగం మైథిలి నోట విన్నాను. మిగతా సగం — వద్దు మొర్రో అనుకుంటూనే — నా కళ్లతో చూశాను. చెబుతా, వినండి. మధ్యలో లేచిపోయారంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మైథిలి, వాళ్లాయన దత్తు ఆ ఇల్లు కట్టుకున్నది రెండువేల ఆరులో. దత్తుకి తెనాల్లో ఉద్యోగం. పొద్దున రైలుకి పోతే మళ్లీ రాత్రి రైలుకే రావడం. మైథిలికి అంతకుముందు రెండు కడుపులు పోయాయి. ఈ ఇంట్లోకి వచ్చాక మూడోది నిలిచింది. నెలనెలా నా దగ్గరికొచ్చి జాకెట్లకి పక్క కుట్లు విప్పించుకునేది. "ఇంకాస్త వదులు చెయ్యక్కా" అన్నప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి... సంతోషమూ అందులోనే, భయమూ అందులోనే. "ఇది కూడా పోతే నేను బతకనక్కా" అనేది. "నోరు ముయ్యవే!" అని తిట్టేదాన్ని. తిట్టక ఏం చెయ్యను?

ఆమెకి ఒకటే కోరిక. ఇంటి చుట్టూ పచ్చగా గడ్డి వేయించాలి, పుట్టే బిడ్డ దాని మీదే పాకాలి. స్థలమేమో పల్లం. వాన పడితే కప్పలు కాపురం పెట్టేవి. ముందు మట్టి తోలించి మెరక చెయ్యాలి, ఆ తర్వాతే గడ్డీ మొక్కలూ. దానికి బర్నబాస్‌ని పిలిచారు.

తోటలు వేయించే బర్నబాస్‌ని మీరు చూసే ఉంటారు. నెత్తిన టోపీ, జేబులో టేపు, నోరు తెరిస్తే లెవెలు. "మేడం, నా లెవెలంటే లెవెలే! ఈ మూల చెంబెడు నీళ్లు పోశామా... ఎటు పోవాలో తెలీక అక్కడే కూర్చోవాలి" అనేవాడు. మైథిలి నవ్వేది.

కాలవ పూడిక తీసినప్పుడు గట్టున పోసిన మట్టికుప్పలు ఏళ్ల తరబడి అలాగే పడున్నాయి. ఎవరిదీ కాని మట్టి, పైగా ఎరువు అక్కర్లేని మట్టి. బర్నబాస్ ట్రాక్టరు పెట్టి ట్రక్కుల మీద ట్రక్కులు తోలించాడు. దారి పొడుగునా రాలుస్తూనే వచ్చారు. నా గుమ్మం ముందు కూడా రాలితే తిట్టిపోశాను. కూలీలు తాళ్లు కట్టి, పారలతో సర్ది, అటుదిటూ ఇటుదటూ లాగి బల్లపరుపుగా చదును చేశారు. పైన గడ్డి పలకలు పరిచారు. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మామిడంటు ఒకటి, నందివర్ధనం ఒకటి నాటారు.

గడ్డి పరిచిన మర్నాడే మొదలైందండి...

పొద్దున్నే నీళ్లు పడదామని మైథిలి పెరట్లోకి వెళ్లింది. వెనక కంచె పక్కన, గడ్డి మీద, అరచెయ్యంత మేర తెల్లగా ఏదో మరక. చుట్టూ చీమలు. వంగి చూసింది — పాలు.

పిల్లి పనేమోలే అనుకుంది. పాలు దొరికితే పిల్లి తాగుతుంది గానీ ఒలకబోస్తుందా? నాకు అనిపించింది, కానీ పైకి అనలేదు.

ఆ తర్వాత ఇంకో పొద్దున మరక కంచె దగ్గర లేదు. ముందుకు జరిగింది. ఇంకోరోజు మామిడంటు దగ్గర... ఇంకోరోజు నందివర్ధనం కింద... చూస్తుంటే అది ఇంటివైపే వస్తోంది.

ఆ వేసవిలో కరెంటు సరిగ్గా సాయంత్రాలే తీసేవాడు, పాడు కోత. సీరియలు మధ్యలో టీవీ ఆగిపోయేది. ఓ సాయంత్రం కరెంటు పోయింది. మైథిలి పడగ్గదిలో కిటికీ పక్కన ఒక్కతే పడుకుని ఉంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. బయట గడ్డి మీద ఎవరో మెల్లగా నడుస్తున్న చప్పుడు...

ఆగింది.

తర్వాత ఆడగొంతు. గుసగుసగా. "ఎటున్నావు...? ఎటున్నావు నాన్నా...?"

"అరిస్తే లోపలికొస్తుందేమోనని అరవలేదక్కా" అని చెప్పింది నాతో. "రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని బిగుసుకుపోయాను. లోపల బిడ్డ మాత్రం కదిలింది. ఆ గొంతు ఎప్పుడు పిలిస్తే అప్పుడు కదిలింది..."

యా అల్లా! నాకే ఒళ్లు జలదరించింది, ఆ పిల్ల సంగతి వేరే చెప్పాలా? మర్నాడు చూస్తే కిటికీ కిందే పాలమరక.

ఇక సందులో ఆగుతారా? మూలింటి కోటేశ్వరమ్మ తేల్చి చెప్పేసింది. "పురిట్లో పోయినదెవతో బిడ్డ కోసం తిరుగుతోంది. కడుపుతో ఉన్న మనిషిని చూసి ఈ ఇల్లు పట్టుకుంది." దత్తు ముందు నవ్వాడు. ఆ తర్వాత ఆయనే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టాడు, గేటుకి నిమ్మకాయలు కట్టాడు. నేను దర్గాకి పోయి తాయెత్తు తెచ్చి ఆ పిల్ల చేతికి కట్టాను.

ఎక్కడికైనా పంపేద్దామంటే డాక్టరమ్మ ఇక మంచం దిగొద్దంది, ప్రయాణం మాటే ఎత్తొద్దంది. ఎటూ పోలేదు. రోజూ పొద్దు వాలుతుంటే మైథిలి కిటికీ వైపు చూస్తూ పడుకోవడం... ఈ పక్క నేను మిషను ముందు కూర్చున్నా కుట్టు పడక ఆ ఇంటివైపే చూడటం. నేను మాత్రం ఏం చెయ్యగలను చెప్పండి?

చివరికి దత్తు బర్నబాస్‌ని బతిమాలాడు, తన రైలు వచ్చేదాకా వరండాలో కూర్చోమని. వాడు గునపం పట్టుకుని కూర్చున్నాడు. "దెయ్యం లేదు, గియ్యం లేదు, దొంగలక్కా" అంటాడు నాతో. అంటూనే మెడలో సిలువ సర్దుకుంటాడు.

ఆ సాయంత్రం కరెంటు పోయిన కాసేపటికే నా సెల్లు మోగింది.

"అక్కా..." మైథిలి గొంతు. "వచ్చింది."

టార్చి తీసుకుని పరిగెత్తాను. బర్నబాస్ వరండాలోనే కొయ్యబారిపోయి ఉన్నాడు. "పద" అన్నాను. "నువ్వు పదక్కా" అన్నాడు. ఇద్దరం గోడ వెంట నడిచాం. మలుపు దగ్గర... వినిపించింది.

"ఎటున్నావు నాన్నా...?"

టార్చి వేశాను.

కిటికీ కింద ఓ మనిషి గొంతుక్కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. చేతిలో చిన్న స్టీలు గ్లాసు. వెలుగు పడగానే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బర్నబాస్ గునపం పైకెత్తాడు.

నా కళ్లు ఎక్కడికి పోతాయి? కుట్టుపని చేసేదాన్ని, జాకెట్టు మీదకే పోయాయి. హుక్కులు కిందివి పైకి పెట్టుకుంది. ముందుభాగం తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ముగ్గుర్ని కన్నదాన్ని నేను. ఆ తడి ఏంటో నాకు తెలీదా?

"బర్నబాసూ, దించు" అన్నాను. "దెయ్యం కాదు. పచ్చి బాలింత."

"కొట్టకండమ్మా... పోతన్నాను... పోతన్నాను" అంటోంది ఆమె. లేవబోయి లేవలేక మళ్లీ కూలబడింది. ఈలోపు మైథిలి, మంచం దిగొద్దన్న మనిషి, గోడ పట్టుకుని అక్కడికి వచ్చేసింది.

"ఎవరు నువ్వు? రోజూ మా పెరట్లో ఏం పోస్తున్నావు?"

"నాంచారమ్మనండి... మిల్లులో వడ్లు ఆరబోస్తానండి." గ్లాసు చీరలో దాచుకుంది. "నా పాలండి."

ముక్కలు ముక్కలుగా చెప్పింది. మగపిల్లాడంట. పురిటి స్నానం కూడా కాకముందే పోయాడంట. పసిగుడ్లని కాల్చరు కదా, గుడ్డలో చుట్టి మట్టిలో పెడతారు. వాళ్లాయన కాలవ గట్టున ఆ మట్టికుప్పలోనే పెట్టి, గుర్తుకి తుమ్మకొమ్మ గుచ్చి వచ్చాడంట. బిడ్డ పోయాడని పాలకి తెలుస్తుందా? ఆగవు. పని దిగాక రోజూ వెళ్లి అక్కడ పోసి వచ్చేదంట. ఓ రోజు వెళితే కొమ్మ లేదు... కుప్పే లేదు.

"చక్రాల గుర్తులున్నాయండి. దారెంట మట్టి రాలిందండి. ఆ రాలిన మట్టి చూసుకుంటా వచ్చాను. ఇక్కడ ఆగిపోయిందండి..."

బర్నబాస్ చేతిలో గునపం కింద పడింది.

నాంచారమ్మ మైథిలి కాళ్ల దగ్గరికి జరిగింది. "ఎటు పోశారమ్మా? ఆ ఒక్కటీ చెప్పండి, చాలు. ఏ మూలంటే ఆ మూల కూచుంటాను. ఎటో తెలీకే అన్ని చోట్లా పోస్తన్నాను. మీ గడ్డి పాడు చెయ్యాలని కాదండీ..."

మైథిలి బర్నబాస్ వైపు చూసింది. నేనూ చూశాను. వాడు పెరడంతా ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. ఎక్కడా ఒక్క మిట్ట లేదు, ఒక్క గుంట లేదు.

"లెవెల్ చేసేశాను మేడం" అన్నాడు. "అంతా కలిసిపోయింది." అని టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మైథిలి "నాకు తెలీదమ్మా... నాకు తెలీదు" అంటూ ఆమె పక్కనే కింద కూర్చుండిపోయింది. ఇద్దరూ ఏడ్చారు. టార్చి పట్టుకుని నిలబడి నేనూ ఏడ్చాను.

రాత్రి రైలు దిగి వచ్చిన దత్తు విని, గడ్డి లేపి తవ్విద్దామా అన్నాడు. నాంచారమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "మళ్లీ పార వెయ్యకండి బాబూ..." అంది. గేటు దగ్గర బర్నబాస్ నా చెవిలో అన్నాడు, "అక్కా, చదును చేసేటప్పుడు ఒక గుడ్డముక్క పారకి తగిలింది. పాతగుడ్డే అనుకుని..." నేను వాడి నోరు మూసేశాను. ఆమె వినలేదు. వినకూడదు కూడా.

ఆ మర్నాటి నుంచి నాంచారమ్మ ముందు గేటు నుంచే వచ్చేది. మైథిలే రమ్మంది. కానీ అంతా కలిసిపోయిందని విన్నాక గడ్డి మీద కాలు పెట్టేది కాదు. ఎక్కడ పెట్టాలన్నా భయమే, ఏ అడుగు కింద ఉన్నాడో అని. అంచు మీద నిలబడి చెయ్యి చాపినంత మేర పోసి వెళ్లిపోయేది. ఆమెను చూసి ఆ ఇంట్లోవాళ్లూ తొక్కడం మానేశారు. బర్నబాస్ గడ్డి కోసే మిషను తెచ్చి, గేటు దాకా వచ్చి, వెనక్కి తీసుకుపోయాడు. బిడ్డ పాకాలని వేయించుకున్న గడ్డి మోకాలెత్తు పెరిగింది.

కొన్నాళ్లకి ఆమె ఒట్టి గ్లాసుతో వచ్చింది. "పాలు ఇంకిపోయాయమ్మా... ఇప్పుడేం పొయ్యాలి?" అని అడిగింది. నన్నే అడిగింది. నీళ్లిచ్చాను. తాగి వెళ్లిపోయింది.

మైథిలికి నెలలు నిండాయి, ఆడపిల్ల పుట్టింది. చక్కగా, ఆరోగ్యంగా పుట్టింది, అల్లా దయ. నాంచారమ్మ మాత్రం రావడం మానలేదు. మెట్టు మీద కూర్చుని గడ్డివైపు చూస్తూ, చీకటి పడితే వెళ్లిపోయేది.

పిల్లకి పాకడం వచ్చిన కొత్త. ఓ సాయంత్రం మేం ముగ్గురం పెరటి మెట్ల మీదే ఉన్నాం. మైథిలి పిల్లని ఒళ్లోంచి దించి, నాకిచ్చే జాకెట్టు మడత పెడుతోంది. ఇలా తల తిప్పి అలా చూసేసరికి పిల్ల గడ్డిలోకి దిగిపోయింది.

మైథిలి లేవబోయింది. ఎందుకో నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

పిల్ల ఆ ఎత్తు గడ్డిని తోసుకుంటూ పోయింది... నందివర్ధనం దాటింది... మామిడంటు దాటింది... అటూ ఇటూ చూడలేదు. కంచెకి ఇవతల, ఏ గుర్తూ లేని చోట ఆగింది. చతికిలబడి కూర్చుంది. తల ఓ పక్కకి వంచి, చిన్న చేత్తో నేల మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టింది.

ఆడుకుంటున్నట్టు కాదండి. జోకొడుతున్నట్టు.

నాంచారమ్మ లేచింది. ఆ రాత్రి తర్వాత మళ్లీ మొదటిసారి గడ్డిలో కాలు పెట్టింది. తిన్నగా వెళ్లి పిల్ల పక్కన కూర్చుని, తనూ నేల మీద చెయ్యి వేసింది. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

ఇప్పటికీ వచ్చి అక్కడే కూర్చుంటుంది. దూరం నుంచి చూసినవాళ్లు దెయ్యం అంటారు. అననీండి. ఆ పేరుంటే ఎవరూ అటు తొక్కరు.

కానీ ఒక్కటి మాత్రం నాకు నిద్ర పట్టనివ్వదు. ఆ పిల్లకి అప్పటికింకా మాటే రాలేదు... చోటు ఎవరు చెప్పారంటారు?