చీకట్లో వెలగని రాయి

భార్య పోయిన మగవాడికి లోకంలో ఎవరూ ఉండరు. పలకరించేవాళ్ళుంటారు. పనికి వాడుకునేవాళ్ళుంటారు. సలహాలిచ్చేవాళ్ళకైతే కొదవే లేదు. నా మనిషి అనుకోవడానికి మాత్రం ఒక్కరూ మిగలరు.

ఆ ఉదయం డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చిన పెద్దమనిషి కుర్చీలో కూర్చోకముందే ఈ మాటలన్నాడు. మొర పెట్టుకున్నట్టు అనలేదు. సరుకు ధర చెప్పినట్టు చెప్పాడు. బజారు వీధిలో అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఇల్లు దుకాణం పై అంతస్తులోనే.

"దొంగతనం జరిగిందండీ," అన్నాడు కూర్చున్నాక. "నా ఉంగరంలో రాయి మార్చేశారు."

"గాజు పెట్టారా?" అంది అసిస్టెంటు. అడగకుండా ఉండలేని పిల్ల ఆమె. డిటెక్టివ్ మాట్లాడని మాటలన్నీ తనే మాట్లాడాలని ఆమె నమ్మకం.

"గాజు పెడితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. నాది ల్యాబ్‌లో తయారుచేసిన వజ్రం. దాన్ని తీసేసి గనిలో దొరికిన వజ్రం పెట్టారు. దాని ఖరీదు నా రాయికి ఎన్నో రెట్లు."

డిటెక్టివ్ మొదటిసారి తలెత్తి చూశాడు.

"నష్టమేమిటి మీకు?"

పెద్దమనిషి జేబురుమాలు తీసి నుదురు ఒత్తుకున్నాడు. నాలుగు మడతలుగా ఇస్త్రీ చేసిన రుమాలు. "నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాను. ఆవిడ కుట్టుపని నేర్పే టీచరు. మొదటి భర్త రాళ్ళ గని కూలినప్పుడు పోయాడు. శవం కూడా పైకి రాలేదు. 'గనిలోంచి వచ్చిన రాయి నా వేలికి వద్దు, ఇంకేదైనా సరే' అని ఒకే ఒక్క కోరిక కోరింది. ఆదివారం ఉంగరం తొడగాలి. గని రాయి అని తెలిస్తే నా ముఖం చూడదు."

"ఆవిడకి తెలిసేదెలా? రెండూ చూడ్డానికి ఒకటే కదా."

"అదేనండీ నా ఖర్మ. నేను ఎంచుకున్న రాయికి ఒక గుణం ఉంది. నగల షాపాయన దాని మీద ఊదారంగు దీపం వేసి ఆర్పేస్తే చీకట్లో కాసేపు నీలంగా వెలిగింది. ల్యాబ్‌లో చేసిన రాళ్ళలో కొన్నింటికి అలా ఉంటుందట. ఆవిడ అది చూసి చిన్నపిల్లలా సంబరపడింది. 'చీకట్లో నాకు తోడుంటుంది. తొడిగే ముందు ఇంకోసారి చూపించాలి' అంది. ఆదివారం దీపం తెస్తానని షాపాయన మాటిచ్చాడు. నిన్న సైజు తగ్గించమని ఇస్తే ఆయనే కనిపెట్టాడు. వెలుగు లేదు. ల్యాబ్ రాయి అని అంచున చెక్కిన గుర్తూ లేదు."

"ఈ దీపం సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి తప్ప. మొన్న భోజనాల దగ్గర మాట్లాడుకున్నాం."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"చెప్పానుగా. ఎవరూ లేరు."

డిటెక్టివ్ చూపు అతని చొక్కా మీద ఆగింది. రెండో గుండీ కొత్తగా కుట్టింది. దారం రంగు మిగతా గుండీల దారంతో సరిగ్గా కలిసింది. డిటెక్టివ్ లేచి గొడుగు తీసుకున్నాడు.

నగల షాపాయన సన్నగా, భయంభయంగా ఉన్నాడు. ఉంగరాన్ని భూతద్దం కింద పెట్టి, తన పరువు పోయిందని ముందే ఒప్పేసుకున్నాడు.

"నేను మార్చలేదు బాబూ. మార్చేవాణ్ణయితే ఖరీదైంది తీసి చవకది పెడతాను. వ్యాపారిని, వెర్రివాణ్ణి కాను."

"నమ్మాను. ఆయన ఈ రాయి ఎలా ఎంచుకున్నారు?"

"అదే విచిత్రం. ఎవరైనా ముందు గుండ్రటిది అడుగుతారు. మెరుపంతా దానిదే. ఇది ఎమరాల్డ్ కట్. పొడుగు పలక, నాలుగు మూలలూ కోసేసి ఉంటాయి. మెరవదు. మెట్లబావిలోకి చూసినట్టు లోపలికి చూడాలి. ఇసుమంత మరక ఉన్నా కప్పదు కాబట్టి చాలామందికి భయం. ఈయన ట్రేలన్నీ దాటుకుంటూ వచ్చి దీనిమీద వేలు పెట్టాడు. 'ఇదే' అన్నాడు. కొలత కూడా అడగలేదు."

డిటెక్టివ్ భూతద్దంలోకి వంగాడు. రాయి నాలుగు మూలల్నీ నాలుగు బంగారు కొక్కేలు పట్టుకుని ఉన్నాయి. చాలాసేపు చూసి అసిస్టెంటుకి చోటిచ్చాడు. "ఏం కనిపిస్తోంది?"

"ఒక కొక్కెం కొంచెం పైకి లేచింది సార్. ఇంకేం లేదు."

"ఇంకేం లేకపోవడమే చూడు."

షాపాయన తల గోక్కున్నాడు. "అవునే! మా పట్టకారుతో వంచితే ఉక్కు గీత పడి తీరుతుంది. తర్వాత మేం పాలిష్ పెడతాం. దీనికి పాలిష్ లేదు, గీతా లేదు. వేళ్ళతో వంచారా ఏమిటి?"

కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళేసరికి పెద్దమనిషి తమ్ముడు గల్లా దగ్గర కాళ్ళు చాపుకుని ఉన్నాడు. కండ బాగా పట్టిన మనిషి. నవ్వు ఎక్కువ.

"వచ్చారా! మా అన్నయ్య పెళ్ళికి పోలీసులు కూడా వస్తున్నారన్నమాట."

"పోలీసులం కాదు," అంది అసిస్టెంటు.

"ఏదైతేనేం. గని రాయి వద్దంటుందట ఆవిడ. మరి బంగారం చెట్టుకి కాసిందా?"

"ఆవిడ తల్లి చేతి బంగారు గాజు కరిగించి చేయించాం రా," అన్నాడు అన్న విసుగ్గా. "నీకు చెప్పాను."

"చెప్పావు, విన్నాను, నవ్వాను. ఈ వయసులో ఉంగరాలేమిటన్నయ్యా? ఇల్లు చూసుకోవాలంటే పనిమనిషిని పెట్టుకో."

"ఉంగరం ఇంటికి తెచ్చింది మీరేనట," అన్నాడు డిటెక్టివ్.

తమ్ముడి నవ్వు ఆగింది. "తెచ్చాను. బీరువా మీద పెట్టాను. అయితే? నాకు కళ్ళజోడులో స్క్రూ బిగించడమే రాదు. రాయి పీకుతానా?"

అప్పుడే ఒకామె విరిగిన కళ్ళజోడుతో లోపలికి వచ్చింది. మూలన బల్ల దగ్గర కూర్చున్న నడివయసు స్త్రీ మాట్లాడకుండా దాన్ని అందుకుంది. మొనలకి తెల్లటి ప్లాస్టిక్ తొడుగులున్న పట్టకారుతో కొస వంచి, గుడ్డతో తుడిచి, తిరిగి ఇచ్చేసింది.

"ఆ తొడుగులెందుకు?" అంది అసిస్టెంటు.

"ఇనుము తగిలితే ఫ్రేము మీద గీత పడుతుంది," అన్నాడు పెద్దమనిషి. "పైకి రండి, కాఫీ తాగుదాం."

పై ఇల్లు అద్దంలా ఉంది. గోడ మీద పోయిన భార్య ఫోటో. గొంతు దగ్గర పతకంలో, మూలలు కోసిన చిన్న పలక రాయి. అసిస్టెంటు డిటెక్టివ్ మోచేతిని గిల్లింది. డిటెక్టివ్ అప్పటికే అటు చూసి ఇటు తిరిగాడు.

"ఆవిడ నగలు ఎక్కడున్నాయి?"

"ఇంట్లోనే ఎక్కడో ఉండాలి. చూసుకునేవాళ్ళు చూసుకుంటారు."

కింద బల్ల దగ్గర కూర్చున్న స్త్రీ కాఫీ తెచ్చింది. కప్పులు పెట్టడానికి వంగితే కాలరు లోపలికి పోయిన సన్నని గొలుసు కనిపించింది. పెద్దమనిషి కప్పు అందుకున్నాడు. ఆమె ముఖం చూడలేదు. పంచదార అడగలేదు. సరిపడా ఉంటుందని అతనికి తెలుసు.

ఆమె వెళ్ళాక డిటెక్టివ్ అడిగాడు. "ఈవిడెవరు?"

"మరదలు. నా భార్య చెల్లెలు. అక్క జబ్బుపడ్డప్పుడు చూసుకోవడానికి వచ్చింది. ఉండిపోయింది."

"ఇంట్లో ఎవరూ లేరన్నారు."

"ఎవరున్నారండీ?" అన్నాడు అతను. ప్రశ్న అర్థం కానట్టే చూశాడు.

ఆదివారం ఉదయం దుకాణం తలుపులు దగ్గరగా వేశారు. గోడల నిండా కళ్ళులేని కళ్ళజోళ్ళు. టీచరమ్మ సాదా బట్టల్లో వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆవిడ లేకుండా నోరు విప్పనని డిటెక్టివ్ పట్టుబట్టాడు. అందుకే పెద్దమనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. షాపాయన దీపం పట్టుకుని ఉన్నాడు. తమ్ముడు గల్లా మీద, మరదలు తన బల్ల దగ్గర.

డిటెక్టివ్ జరిగింది టీచరమ్మకి నాలుగు మాటల్లో చెప్పాడు. ఆవిడ చేతులు ఒడిలో బిగుసుకున్నాయి.

"దొంగతనంలో ఎవరికి లాభమా అని చూస్తాం," అన్నాడు డిటెక్టివ్. "ఇక్కడ ఎవరికీ లాభం లేదు. అందుకని ఎవరు పోగొట్టుకున్నారా అని వెతికాను. ఎవరో ఒకరు తమ వజ్రాన్ని వదులుకున్నారు. అది ఈ ఉంగరంలో అతికినట్టు సరిపోయింది. ఎందుకు సరిపోయింది? ఈయన షాపులో కొత్త రాయి ఎంచుకున్నాననుకున్నారు. ఎంచుకోలేదు. కళ్ళు కొలిచే మనిషి. ఇన్నేళ్ళు భార్య గొంతు దగ్గర చూసిన రాయినే, అదే ఆకారం, అదే కొలత, చూడగానే పట్టుకున్నారు. తనకే తెలియదు."

పెద్దమనిషి పైకప్పు వంక చూశాడు. ఫోటో ఆ పైనే ఉంది.

"కాబట్టి గని రాయి ఆ పతకంలోది. ఇక మార్చిన చెయ్యి. కొక్కెం లేచింది, గీత పడలేదు. తొడుగులున్న పట్టకారు ఈ బజారులో ఈ దుకాణంలోనే ఉంది. దాన్ని వాడేవాళ్ళు ఇద్దరు. ఒకరు నాకు ఫీజిచ్చి పిలిచారు."

"నాకు పట్టుకోవడమే రాదని చెప్పానా లేదా!" అన్నాడు తమ్ముడు గట్టిగా. ఎవరూ నవ్వలేదు.

"దీపం సంగతి భోజనాల దగ్గర అన్నదమ్ములిద్దరే మాట్లాడుకున్నారట. వడ్డించిందెవరు?"

డిటెక్టివ్ షాపాయనకి సైగ చేశాడు. అసిస్టెంటు కిటికీ తలుపులు మూసింది.

మరదలు తనే లేచింది. ఎవరూ అడగకముందే కాలరు లోంచి గొలుసు బయటికి తీసింది. ఊదారంగు వెలుగు ఆమె గొంతు మీద పడింది. దీపం ఆరిపోయింది. చీకట్లో, మనిషి కనిపించని చోట, చిన్న పలక ఒకటి నీలంగా వెలిగింది. కాసేపటికి అదీ పోయింది.

కిటికీ తెరిచాక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "నువ్వా? తిండిపెట్టి, నీడనిచ్చినందుకా?"

"తిండి వండింది నేను బావగారూ," అంది ఆమె.

"గాజు పెడితే సరిపోయేది కదమ్మా," అన్నాడు డిటెక్టివ్. "అక్క రాయి ఎందుకు వదులుకున్నారు?"

"గాజయితే ఈయన మోసపోయాడని ఆవిడ జాలిపడేది. గని రాయయితేనే ఈయన మోసం చేశాడని నమ్ముతుంది." ఆమె గొలుసు వేలికి చుట్టుకుంది. "పోయేముందు అక్క నా మెడలో వేసింది ఇది. ఈయన్ని చూసుకోమంది. చూసుకున్నాను. ఆదివారం నుంచి ఇంకొకరు చూసుకుంటారని అన్నం వడ్డిస్తూ విన్నాను. మరి నువ్వెక్కడికి పోతావని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. చేసింది తప్పే. కాదనను."

షాపాయన ఆ బల్ల మీదే కూర్చుని రాళ్ళు రెండూ మార్చాడు. ఈసారి కొక్కేల మీద గీతలు పడ్డాయి. మరదలు తన గొలుసు తీసుకుని మెడలో వేసుకుంది. మేడ మెట్లెక్కి, ముందే సర్ది ఉంచుకున్న సంచీతో దిగింది.

పెద్దమనిషి ఆమెకి దారి వదిలాడు. "వెళ్ళనీ," అన్నాడు. ఉంగరం పట్టుకుని టీచరమ్మ వైపు తిరిగాడు. "నేను అబద్ధమాడలేదని తేలింది కదా. రాయి వెలుగుతుంది. చూడండి."

టీచరమ్మ ఉంగరం వంక చూడలేదు. గుమ్మం దాటుతున్న మనిషి వీపు వంక చూసింది.

"రాయి గురించి మీరు అబద్ధమాడలేదు. మొదటిరోజు నాతో ఏమన్నారు? 'ఇంట్లో ఎవరూ లేరండీ, గోడలతో మాట్లాడుకుంటాను' అన్నారు. నేను జాలిపడ్డాను. ఆ పూట మీరు వేసుకున్న చొక్కా ఎవరు ఉతికారో నేనూ అడగలేదు."

"అది వేరు. ఆమె వేరు, మీరు వేరు."

"ఈరోజు వేరు. ఇన్నేళ్ళు వండిపెట్టిన మనిషి మీ లెక్కలో ఎవరూ కాకపోతే, కొన్నేళ్ళకి నేనూ ఎవరూ కాను. నా భర్త రాళ్ళ కింద పోయాడు, వెతకడానికి ఊరంతా వచ్చింది. మీ ఇంట్లో పూడిపోతే వెతికేవాళ్ళుండరు."

ఆవిడ లేచింది. ఉంగరంలో బంగారం తన తల్లిదన్న మాట ఎత్తనేలేదు. గుమ్మం బయట మరదలి సంచీ ఒక వైపు బరువుగా లాగుతోంది. సంచీ రెండో పిడిని టీచరమ్మ పట్టుకుంది. ఇద్దరూ కలిసి వీధి మలుపు తిరిగారు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "పోనీలే అన్నయ్యా. పనిమనిషి..."

"నువ్వూ పో."

తమ్ముడు పోయాడు. షాపాయన దీపం గుడ్డలో చుట్టుకుని వెనకాలే పోయాడు. అసిస్టెంటు డిటెక్టివ్ గొడుగు అందుకుంది.

పెద్దమనిషి గల్లా తెరిచి ఉంగరం లోపల పడేశాడు. ఫీజు కవరు బల్ల మీద పెట్టాడు. చొక్కా గుండీ మీదికి చెయ్యి పోయింది, వెంటనే తీసేశాడు.

"మొదటిరోజు మీ ఆఫీసులో నేనొక మాటన్నాను," అన్నాడు.

"గుర్తుంది," అన్నాడు డిటెక్టివ్. "ఆరోజు అది నిజం కాదు."

అతను కిటికీ తలుపు తనే మూసి గడియ పెట్టాడు.

"మీరూ వెళ్ళండి. రేపు కళ్ళజోడు కావాలంటే రండి, చేస్తాను. ఈ సంగతి మాత్రం నా ముందు ఎత్తకండి. ఇంకెవరు ఎత్తినా నేను వినను. ఈ నోటితో మళ్ళీ చెప్పను."