ఎవరో తెల్వదు

1978 జూలైలో ఒక మధ్యాహ్నం వైకుంఠం చాంద్రాయణగుట్ట చౌరస్తాలో బస్సు దిగగానే వాన పట్టుకుంది. చేతిలో గొడుగు లేదు. బార్కస్ వైపు పోయే రోడ్డు మీద కనిపించిన మొదటి రేకుల కొట్టులోకి దూరాడు. లోపల నాలుగు బెంచీలు, పొయ్యి మీద పెద్ద గుండిగ, గుప్పుమని దాల్చినచెక్క వాసన.

"ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు," అన్నాడు తల తుడుచుకుంటూ.

గుండిగ వెనక నుంచి ఒక అమ్మాయి చూసింది. లంగా ఓణీ, నడుము దాటిన జడ, చిన్న చిన్న కళ్లు.

"చాయ్ లేదండి. ఫో," అంది.

వైకుంఠానికి ఒళ్లు మండింది. "చాయ్ లేకుంటె లేదను. గింత వానల పొమ్మంటె ఎట్ల పోవాలె?"

"పొమ్మనలేదండి. ఫో ఉందన్నాను."

"మల్ల గదే మాట."

గట్టిగానే అరిచాడు. తింటున్నవాళ్లు తలలెత్తి చూశారు. ఆ అమ్మాయి ఒక గిన్నె నింపి తెచ్చి అతని ముందు పెట్టింది. పొగలు కక్కే పులుసు, అందులో రిబ్బన్ల లాంటి బియ్యప్పిండి సేమ్యాలు, మటన్ ముక్కలు, పైన పుదీనా, మొలకెత్తిన పెసలు, ఒక నిమ్మబద్ద.

"దీని పేరండి, ఫో. మా అమ్మావాళ్ల దేశం వియత్నాంలో పొద్దున్నే అందరూ ఇదే తింటారు. ఇప్పుడు తిని పొండి."

వైకుంఠం చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తకుండా తిని, తలెత్తకుండానే బయటపడ్డాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు.

అమ్మాయి పేరు నాగమణి. తండ్రి పరబ్రహ్మం యానాం మనిషి. ఫ్రెంచివాళ్ల కాలంలో ఉద్యోగానికని సైగాన్ పోయి, అక్కడే లాన్ అనే ఆమెను పెళ్లాడాడు. యుద్ధం ముగిశాక భార్యనూ కూతుర్నీ తీసుకుని వచ్చేశాడు. సైగాన్‌లో బట్టల వ్యాపారం చేసిన తాహిర్ భాయ్ ఆయన స్నేహితుడు, బార్కస్ వాడు. ఈ కొట్టు అతను ఇచ్చిందే. నాగమణి తెలుగంతా తండ్రి దగ్గర నేర్చుకుంది. అందుకే మొహం సైగాన్‌ది, మాట గోదావరిది.

వైకుంఠం అక్కడికి పది నిమిషాల దూరంలో కరెంటాఫీసులో గుమస్తా. శాలిబండలో తల్లి బుచ్చమ్మతో ఉంటాడు. ఆమె కట్టిచ్చే టిఫిన్ డబ్బా ఆఫీసు జవానుకిచ్చి, రోజూ ఫో తినడానికి వచ్చేవాడు. నాగమణి అతనికి రెండు పుల్లలతో తినడం నేర్పింది.

"సూడు, తింటున్ననా లేదా?"

"స్వెట్టర్ అల్లుతున్నావు."

"నీ చెయ్యి పెట్టి సూపెట్టరాదు."

"మా నాన్న చూస్తున్నాడు. నువ్వే చూసి నేర్చుకో."

అప్పటికి "అండి" ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు. దసరా ముందు ఒకరోజు వైకుంఠం గిన్నెలోకి చూస్తూ అన్నాడు, "మా అమ్మను తీస్కొస్త ఒక ఆదివారం."

"ఫో తినడానికా?"

"దానికే గాదు."

నాగమణి అటు తిరిగి, అవసరం లేకపోయినా గుండిగను చాలాసేపు కలిపింది.

ఆ ఆదివారం రాకముందే గురువారం వచ్చింది. పై అధికారి శ్రీహరిరావు, ఇద్దరు గుమస్తాలను వెంటబెట్టుకుని కొట్టులోకి వచ్చాడు. వైకుంఠాన్ని చూసి నవ్వాడు.

"ఏమయ్యా, రోజూ మాయమయ్యేది ఇక్కడికా? సూపు కోసమా, ఈ నేపాలీ పిల్ల కోసమా?"

గుమస్తాలు పకపకా నవ్వారు. రేపు ఆఫీసంతా ఇదే మాట అవుతుందని వైకుంఠానికి భయం పట్టుకుంది. నాలుక దానంతటదే కదిలింది.

"అయ్యో, గట్లాంటిదేం లేదు సార్. ఆమె ఎవరో నాకు తెల్వదు. హోటల్ల పనిజేసే పిల్ల."

వెనక నాగమణి నాలుగు గిన్నెల పళ్లెంతో నిలబడి ఉంది. ఒక్కొక్క గిన్నే బల్ల మీద పెట్టింది.

"వేడిగా ఉన్నాయండి. మూతి కాలుతుంది, చూసుకోండి."

ఆ యాస విని శ్రీహరిరావు ఉలిక్కిపడ్డాడు. ఆయనది కాకినాడ. "మీదే ఊరమ్మా?"

"ఆయ్, యానామండి."

ఆయన మొహంలో నవ్వు పోయింది. లేచి నిలబడి, "తప్పుగా మాట్లాడానమ్మా. ఏమీ అనుకోకు," అన్నాడు.

పరాయివాడు, ఆమెను ఇంతకు ముందెన్నడూ చూడనివాడు, తన తప్పు తాను ఒప్పుకున్నాడు. వైకుంఠం మాత్రం గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు కొట్టు ఖాళీ అయ్యేదాకా రోడ్డు మీద తచ్చాడి లోపలికి వెళ్లాడు.

"ఏం కావాలండి?"

"నాగమణీ, గిట్ల మాట్లాడకు."

"నా పేరు మీకెలా తెలుసండి?"

ఆమె కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. గుండిగ పక్కన లాన్ ఉల్లికాడలు తరగడం ఆపి అతన్నే చూస్తోంది. అతను వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

తర్వాత వారం రోజులు ఆ రోడ్డు తొక్కలేదు. చుట్టు తిరిగి ఆఫీసుకు పోయేవాడు. అద్దంలో మొహం చూసుకోవాలంటే సిగ్గేసి, గడ్డం కూడా తడుముకుంటూ గీసుకునేవాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉండిపోతే, బుచ్చమ్మ పళ్లెం జరిపేసింది.

"ఏమైంది? జెప్పు."

చెప్పాడు. మొదటి రోజు అరుపు నుంచి చివరి రోజు మాట దాకా, ఏదీ దాచకుండా చెప్పాడు.

"మీ నాయన పోయినంక పన్నెండేండ్లు బేగంబజార్ల గిన్నెల దుకాణంల పనిజేసిన. నిన్ను సదివిచ్చిన. గప్పుడు నీ దోస్తులు దుకాణం ముంగట్నుంచి పోతుంటె, నన్ను గూడ ఎవరో తెల్వదన్నవా?"

"అమ్మా, గట్ల గాదు."

"గట్లనే. పనిజేసే పిల్ల అన్నవ్. గదేమన్న తిట్టా?" కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఎవరి ముంగట అన్నవో, వాళ్ల ముంగటనే మల్ల జెప్పు. ఆమె ఒప్పుకుంటదని గాదు. నువ్వు అబద్ధమాడినవ్ గనుక."

మర్నాడు వైకుంఠం శ్రీహరిరావునూ ఆ ఇద్దరు గుమస్తాలనూ బతిమాలి కొట్టుకు తీసుకొచ్చాడు. ఎవరినీ కూర్చోనివ్వలేదు. నాగమణి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, ఆ దినం నేను అబద్ధం జెప్పిన. ఈమె నాకు తెల్సు. మూడు నెలల సంది తెల్సు. రోజు ఈమెను సూడనీకే వచ్చిన. మీరు నవ్వుతరని భయపడి తెల్వదన్న. తప్పు నాది."

గుమస్తాల్లో ఎవరూ నవ్వలేదు. పరబ్రహ్మం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. నాగమణి పమిట చివరతో బల్ల తుడిచింది.

"విన్నానండి. తినేవాళ్లుంటే కూర్చోండి, లేకపోతే దారివ్వండి."

శ్రీహరిరావు బయటికొచ్చాక అతని భుజం తట్టాడు. "వెంటనే కరిగిపోతే నాకే నమ్మకం కలిగేది కాదయ్యా. ఓపిక పట్టు."

ఆదివారం బుచ్చమ్మ ఒక్కతే బార్కస్ బస్సెక్కింది. కొడుకును రావద్దంది. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విడుస్తూ చెప్పింది.

"ఆ పుల్లలు నాతోని గాలె. చేత్తోనే తిన్న. వాళ్లమ్మ మాట నాకు సగం అర్థమైంది, నా మాట ఆమెకు సగం. పొద్దుమీకే దాంక ముచ్చట పెట్టుకున్నం."

"పిల్ల ఏమన్నది?"

"ఇంకా కోపమున్నదన్నది. ఉండనియ్యి బిడ్డా, తొందరేం లేదన్న. మీ అమ్మానాయనను తీస్కోని మా ఇంటికి రాండ్రి అని జెప్పొచ్చిన. వస్తె వస్తరు."

పదిరోజులు గడిచాయి. వైకుంఠం కొట్టుకు పోలేదు. పోయే మొహం లేదనుకున్నాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం, తడిసిన గొడుగు ముడుస్తూ నాగమణి కరెంటాఫీసు గుమ్మంలో నిలబడింది. గదిలో పెన్నులన్నీ ఆగిపోయాయి. ఎవరో కొత్త గుమస్తా, "ఎవరామె?" అని గుసగుసలాడాడు.

వైకుంఠం లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడినా చూడలేదు.

"ఆమె పేరు నాగమణి," అన్నాడు గదంతా వినేలా. "బార్కస్ రోడ్డు మీద వాళ్లకు హోటల్ ఉన్నది. నేను ఆమెను లగ్గం జేసుకోవాలనుకుంటున్న. ఆమె ఇంకా ఒప్పుకోలె."

నాగమణి అతని బల్ల దాకా నడిచి వచ్చింది.

"ఆదివారం మా అమ్మా నాన్నా మీ ఇంటికి వస్తామంటున్నారు. అడ్రసు రాసివ్వు."

అతను కాగితం వెతుక్కుంటుంటే శ్రీహరిరావు తన కాగితమూ పెన్నూ ముందుకు జరిపాడు. రాసిచ్చాడు. నాగమణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ కోడిగీతలు మా నాన్న చదవలేడు. నువ్వే వచ్చి తీసుకెళ్లు. నీ నోటితో ఒక మాట వినాలని కూడా అంటున్నాడు."

"ఏం జెప్పాలె?"

"ఇప్పుడు వీళ్లందరికీ చెప్పావు కదా, అదే చెప్పు," అంది గొడుగు తీసుకుంటూ. "చివరి మాట మాత్రం తీసెయ్యి."