కడుపు నిండిన బొగ్గు

మిల్లు కెమిస్టుని కాల్చినవాళ్లు అతని పర్సు ముట్టుకోలేదు. చేతికున్న బంగారు ఉంగరం కూడా అలాగే ఉంది.

"అద్దకం మిల్లు," అన్నాడు చీఫ్, ఫోటో బల్ల మీదికి తోస్తూ. "రంగునీళ్లని బొగ్గు ఫిల్టర్‌లో శుభ్రం చేసి కాలువలోకి వదులుతారు. దిగువ ఊరికి అవే తాగునీళ్లు. విదేశీ ముఠా కన్ను దానిమీద పడింది. రేపట్నుంచి ఆ కెమిస్టు కుర్చీలో నువ్వుంటావు."

"కొంగజపమే కదా సార్," అన్నాడు ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని కొంగ అనే పిలుస్తారు. పైకి నవ్వాడు గానీ లోపల భయం పట్టుకుంది. చెల్లెలి కాపురం ఆ దిగువ ఊళ్లోనే.

మర్నాడు ల్యాబ్‌లోకి సెంటు గుబాళింపుతో ఒకామె వచ్చింది. మిల్లుకి కన్సల్టెంటు, కోడ్‌నేమ్ నెమలి. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. ఏ పూట ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"ఎండ మండిపోతోంది," అంది.

"గొడుగు నా దగ్గరుంది," కోడ్ కలిపాడు కొంగ. "ఏం జరుగుతోంది?"

"ఏమీ లేదు. ఒట్టు!"

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు."

ఫిల్టర్‌లో అప్పుడే కొత్త బొగ్గు నింపారు. కొత్త సరుకు వస్తే ఆ మిల్లులో ఒక పద్ధతుంది. చారెడు బొగ్గు సీసాలో వేసి, నీలిరంగు నీళ్లు పోసి ఊపుతారు. మంచి బొగ్గయితే రంగంతా పీల్చేసుకుంటుంది, నీళ్లు తేటపడతాయి.

కొంగ ఊపాడు. ఆగాడు. మళ్లీ ఊపాడు. నీళ్లు నీలంగానే ఉన్నాయి.

కడుపు నిండినవాడే ఇంకో ముద్ద ముట్టడు. ఇప్పుడే బస్తా విప్పిన బొగ్గు ఏం తినొచ్చింది?

అతను తలెత్తేసరికి నెమలి ముఖం పాలిపోయింది.

"విషం," అంది మెల్లగా. "మామూలు నీళ్లకి బొగ్గుని వదలదు. క్షారం తగిలితే బొగ్గు మొత్తం కక్కేస్తుంది. షిఫ్టు సైరన్ మోగగానే వాళ్లు క్షారం పంపు వేస్తారు. ఈ సీసా పరీక్షలో దొరక్కుండా సగమే పట్టించమన్నాను, ఆశకొద్దీ నిండా కుక్కారు."

"ఇప్పుడా చెప్పడం!"

"ఇందాక నువ్వు ఓడిపోయేవాడిలా కనిపించావు."

సైరన్ మోగింది.

కొంగ పంపు గదిలోకి దూకాడు. ఆపరేటర్ వేషంలో ఉన్న ముఠా మనిషి పిస్తోలెత్తాడు. కొంగ పెన్ను నొక్కాడు. మత్తు గ్యాస్ రావాల్సింది, సిరా చిమ్మింది. వాడి కళ్లలో పడింది, అదే పదివేలు. ఒక్క గుద్దుకి వాడు కూలాడు. కొంగ పంపు ఆపాడు, కానీ ఫిల్టర్‌లోంచి అప్పటికే క్షారం తగిలిన నీళ్లు కాలువ వైపు పరుగెడుతూనే ఉన్నాయి. గేటు చక్రం బిగుసుకుపోయింది. చెల్లెలు బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డట్టు కళ్లకి కట్టింది. ఇంకో రెండు చేతులు చక్రం మీద పడ్డాయి, నెమలివి. ఇద్దరూ కలిసి లాగారు. గేటు దిగింది. ఆ వెంటనే దాని వెనక నురగ లేచింది. కాలువలోకి ఒక్క విషపు చుక్క పోలేదు.

కొంగ చతికిలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది.

"అన్నయ్యా! పొద్దున్నే ఎవరో ఆఫీసర్లొచ్చి ఊరి కుళాయిలన్నీ కట్టేశారు. మీ గవర్నమెంటు వాళ్లకి పనీపాటా ఉండదా?"

"ఉండదమ్మా," అన్నాడు కొంగ, కళ్లు తుడుచుకుంటూ.