ఖాళీ సీటు కనిపించకూడదు

ఆదివారం మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంటే పిచ్చుకా, వాళ్ళమ్మా స్టూడియో గేటు ముందు వరుసలో నిలబడ్డారు. పిచ్చుకంటే ఏడేళ్ళ పిల్ల. నిద్రలో తప్ప నోరు మూయదని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరది. టీవీలో వచ్చే ఆ ప్రశ్నల ఆటని ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని చూడాలని పిల్ల ప్రాణం తీస్తుంటే, చివరికి తల్లి సరేనంది.

సరేనంది గానీ మనసు పీకుతూనే ఉంది. సొంతవాళ్ళంటూ ఎవరూ లేని ఊరు. కాసేపు పిల్లను చూస్తూ ఉండమని అప్పగించడానికి ఒక అత్తయ్య లేదు, ఒక పిన్ని లేదు. భర్త ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళాడు. అందుకే రోడ్డు దాటేటప్పుడు ఆవిడ పిల్ల చెయ్యి కాదు, మణికట్టు పట్టుకుంటుంది. ఎక్కడికెళ్ళినా బయటికి దారెటో ముందే చూసి పెట్టుకుంటుంది. అయితే మెడలో గుర్తింపు బిళ్ళ వేలాడే మనిషి ఏం చెప్పినా మాత్రం మారు మాట్లాడదు. పరాయి చోట నలుగురిలో మాట పడటం కంటే చావు నయం ఆవిడకి.

ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. లోపల చలి ఎముకల్లోకి దిగుతోంది. గోడల నిండా నల్లగుడ్డలు. ఒక్క కిటికీ లేదు. తడిసి ఆరని తివాచీ వాసన, పైన లైట్ల వేడికి దుమ్ము మాడుతున్న వాసన. తలుపు మూసేసరికి బయట పగలన్న సంగతే అబద్ధంలా అనిపించింది.

చెవులకి హెడ్‌సెట్ తగిలించుకున్న ఫ్లోర్ మేనేజర్ ముందుకొచ్చి పని నేర్పింది. ఆమె చెయ్యెత్తితే నవ్వాలి, చప్పట్లు కొట్టాలి. పిడికిలి బిగిస్తే ఆపెయ్యాలి. ఆట ఇంకా మొదలుకాకుండానే అందర్నీ నవ్వమంది, ఆశ్చర్యపొమ్మంది, భయపడమంది. కెమెరాలు ఆ ముఖాలన్నీ తీసుకున్నాయి. ఎప్పుడు ఏ ముఖం కావాలంటే అది తర్వాత అతికించుకుంటారట. పిచ్చుక తెగ నవ్వింది. తల్లి మాత్రం పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా భయపడింది.

"ఇంకొక్క మాట," అంది ఫ్లోర్ మేనేజర్. "కెమెరాకి ఖాళీ సీటు కనిపించకూడదు. మీలో ఎవరైనా లేస్తే ఆ సీట్లో మా మనిషి వచ్చి కూర్చుంటారు. మీరు తిరిగొచ్చాక బ్రేక్ ఇచ్చేదాకా తలుపు దగ్గరి తెర పక్కనే నిలబడాలి."

పిచ్చుక గోడవైపు కూర్చుంది. ఆ పక్కన తల్లి. తల్లికి ఇటుపక్క, నడుముకి దిండు పెట్టుకుని ఒక ముసలాయన. ప్రతి వారం వస్తాడట, అక్కడి కుర్రాళ్ళు ఆయన్ని చప్పట్ల తాత అంటారట. తన అవతల కూర్చున్న భార్యని చూపించి, మా ఆవిడ నా మాటకి నవ్వి ఏళ్ళయింది, ఇక్కడైతే చెయ్యెత్తగానే నవ్వుతుంది అని జోకేశాడు. ఆవిడ నవ్వలేదు. ముందుకే చూస్తోంది.

లైట్లు ఆరుతుండగా ఆయన కాస్త ఇటు వంగాడు. "మధ్యలో లేవకు తల్లీ," అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

అది కూడా జోకే అనుకుని ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఆట బాగానే మొదలైంది. కాసేపటికి ఒక లావుపాటి పెద్దమనిషి ఆఖరి ప్రశ్నకి జవాబు వెతుక్కుంటున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే చలికి తల్లి గొంతులో గరగర మొదలైంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని దగ్గింది. షూటింగ్ ఆపారు. మళ్ళీ మొదలెట్టారు. మళ్ళీ దగ్గింది.

యాంకర్ ఆవిడ వైపు తిరిగి మైకులో, "మేడమ్ గారు జవాబు దగ్గులో అందిస్తున్నట్టున్నారండీ," అన్నాడు. ఫ్లోర్ మేనేజర్ చెయ్యెత్తింది. హాలంతా పగలబడి నవ్వింది. ఆమె పిడికిలి బిగించింది. కుళాయి కట్టేసినట్టు నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత ఆమె మెట్లెక్కి వచ్చి, బయట నీళ్ళు తాగి రమ్మంది. పాపని కూడా తీసుకెళ్తానంది తల్లి. రెండు సీట్లకి మనుషుల్లేరు, ఒక్కరే ఉన్నారంది ఆమె. తల్లి చుట్టూ చూసింది. అన్ని వరుసలూ తన వైపే చూస్తున్నాయి. ఒక్క ముఖంలోనూ జాలి లేదు. నీ వల్లే మాకు ఆలస్యం అన్నట్టు చూస్తున్నాయి.

ఆ చూపులకి తట్టుకోలేక లేచింది. పిల్ల బుగ్గ నిమిరి, గబగబా చెప్పేసింది.

"ఇక్కడే కూర్చో నాన్నా. ఒకావిడ వచ్చి నీ పక్కన కూర్చుంటుంది. నేను వచ్చేదాకా ఆవిడే అమ్మనుకో. చెప్పిన మాట విను."

చప్పట్ల తాత కళ్ళు మూసుకున్నాడు.

వరండాలో రెండు గుక్కలు తాగి, గొంతు సర్దుకుని, పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చింది. తెర పక్కన ఆగింది. తన సీట్లో ఎవరో ఉన్నారు. అక్కణ్ణించి వీపే కనిపిస్తోంది. పైన వేలాడుతున్న టీవీలో మాత్రం పిచ్చుక ముఖం పెద్దదిగా కనిపించింది. పక్కనున్న మనిషి భుజం వరకే వచ్చింది అందులో. ఒక చెయ్యి పిల్ల జుట్టులోకి వెళ్ళి, మెల్లగా... చాలా మెల్లగా... చిక్కు తీస్తోంది.

పిచ్చుక మాట్లాడటం లేదు. నోరు గట్టిగా మూసుకుని కూర్చుంది.

బ్రేక్ ఇవ్వగానే తల్లి మెట్లెక్కింది. నేనొచ్చేశాను, ఇక లేవండి అంది మర్యాదగానే. ఆ మనిషి లేవలేదు. మెల్లగా తలెత్తింది. ముఖం మామూలుగానే ఉంది. కానీ చూస్తున్నంతసేపే ఉంది. రెప్ప వేస్తే ఎలా ఉందో గుర్తుకి రావడం లేదు. మళ్ళీ చూసింది. మళ్ళీ రెప్ప పడింది... ఏమీ మిగల్లేదు. తడి తివాచీ వాసన ఆ మనిషి ఒంట్లోంచే వస్తోంది.

పిచ్చుక ఆ మనిషి చేతిని పట్టుకుని, కొత్తవాళ్ళని చూసినట్టు తల్లిని చూసింది.

"అమ్మా, ఈవిడెవరు?" అని ఆ మనిషినే అడిగింది.

తల్లి పిల్ల ముఖానికి దగ్గరగా వంగింది. "పిచ్చుకా... నేనే నాన్నా. వచ్చేశాను."

"మా అమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు," అంది పిల్ల.

తల్లి చప్పట్ల తాత భుజం పట్టుకుని ఊపింది. మీరు చూశారు కదా, మీరైనా చెప్పండి అని బతిమాలింది. ఆయన తల తిప్పలేదు.

"నన్ను ఇందులోకి లాగకమ్మా," అన్నాడు గుసగుసగా. "నా పక్కనెవరున్నారో చూశావుగా. మా ఆవిడా నీళ్ళకనే లేచింది."

ఆయన అవతల కూర్చున్నావిడని తల్లి చూసింది. ఇందాక కూడా చూసింది. ఆ ముఖమూ... గుర్తులేదు.

కింద ఫ్లోర్ మేనేజర్ చెయ్యెత్తింది.

హాలంతా నవ్వింది. తల్లిని చూసి, తల్లినే వేలెత్తి చూపిస్తూ నవ్వింది. చెయ్యి దిగలేదు. నవ్వు ఆగలేదు. తల్లి వంగి పిల్ల మణికట్టు దొరకబుచ్చుకుంది. లాగింది. పిల్ల రాలేదు. బలమంతా పెట్టి లాగింది. ఏదో తెగినట్టు పిల్ల ఒక్కసారిగా వచ్చి చేతుల్లో పడింది. సీటు ఖాళీ చెయ్యొద్దు మేడమ్ అని కింద నుంచి కేక. నవ్వు చప్పట్లయింది. చప్పట్లు ఒకే వరసలో, ఒకే దెబ్బలా పడుతున్నాయి. ఆవిడ మెట్లు దిగి, తెర తప్పించుకుని, తలుపు దాకా పరిగెత్తింది.

అక్కడ ఆగి వెనక్కి చూడకుండా ఉండాల్సింది.

ఒక్క సీటు కూడా ఖాళీగా లేదు. గోడవైపు సీట్లో ఒక చిన్న తల. ఆ చెయ్యి ఇంకా చిక్కు తీస్తూనే ఉంది.

"అమ్మా, చెయ్యి నొప్పి," అంది ఆవిడ పట్టుకున్న పిల్ల.

అమ్మా అంది. ఆ మాటే చాలనుకుంది తల్లి. తలుపు తోసుకుని ఎండలో పడింది. అంత భయంలోనూ గేటు దగ్గర ఫోను అడిగి తీసుకుంది.

బస్సులో పిల్ల దారి పొడుగునా వాగుతూనే ఉంది. తల్లి ఊరుకోలేక ఒకటొకటే అడిగింది. టీచర్ పేరు, మోకాలి మీద మచ్చ ఎప్పుడు పడిందో, నాన్న ముద్దు చేసేటప్పుడు ఏమంటాడో. పిల్ల అన్నీ చెప్పింది. ఒక్కచోట కూడా తడుముకోలేదు. చెవి వెనక పుట్టుమచ్చ ఉన్నచోటే ఉంది. తల్లి పిల్లని గుండెకి హత్తుకుని, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. వీధి తలుపు గడియ పెట్టి, గొలుసు కూడా తగిలించింది. వంటింటి బల్ల దగ్గర పిల్లని కూర్చోబెట్టి, కడిగిన ఆపిల్ పండొకటి ప్లేటులో పెట్టింది. ఎదురుగా తనకో కుర్చీ లాక్కుంది. కూర్చునేలోపే హాల్లో ఫోను మోగింది.

భర్త. షో ఎలా ఉందంది పిల్ల అని అడిగాడు. జరిగింది చెప్పబోయి, అంత దూరంలో ఉన్న మనిషిని కంగారు పెట్టడమెందుకని మింగేసింది. బాగుంది, ఇంట్లోనే ఉన్నాం, తింటోంది అని చెప్పి పెట్టేసింది.

వంటింట్లోకి వచ్చింది.

ఆపిల్ తొక్క పొడుగ్గా, ఎక్కడా తెగకుండా, ప్లేటు పక్కన చుట్ట చుట్టుకుని ఉంది. పండు సన్నటి ముక్కలుగా కోసి ఉంది. చాకులు పిల్లకి అందకుండా పై అరలో పెట్టి తాళం వేస్తుంది ఆవిడ. తాళం వేసే ఉంది.

పిల్ల నోట్లో ముక్క నములుతోంది. నమలడం అయిపోయింది. ఎదురు కుర్చీ వైపు చూస్తూ మళ్ళీ నోరు తెరిచింది. అలాగే తెరుచుకుని... ఎదురుచూస్తోంది.

తల్లి చెయ్యి చాచి, తను లాక్కుందే గానీ ఇంకా కూర్చోని ఆ కుర్చీ మీద అరచెయ్యి ఆనించింది.

వెచ్చగా ఉంది.