కాకికొండ గనిలో భుజం కాసిన భూతం

కంసావతీ రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. రాగి గిన్నెలకు కళాయి పూసే తగరం నిండుకుంది. కళాయి లేని గిన్నెల్లో పులుసు చిలుమెక్కి విషమవుతూంటే జనం మంచం పట్టారు. తగరం దొరికేది ఒక్క కాకికొండ గనిలోనే. పూర్వం ఒక రాజు అత్యాశకు పోయి, గని కప్పును మోసే రాతి స్తంభాలను కూడా తగరం కోసం తవ్వించాడు. కప్పు కుంగడంతో ఆనాడే గని మూతపడింది. ఆ తరువాత లోపలికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

కళాయి వేసేవాడి కూతురు చెంగి. ఆమె అన్న ఓబులు అలాగే వెళ్ళి మాయమయ్యాడు. తండ్రి జబ్బుపడ్డాడు. ఇక దిక్కులేక చెంగి సుత్తి పట్టుకుని అడవిదారిన బయలుదేరింది.

గని వాకిట దూలమంత ఉడుము అడ్డంగా పడుకుని ఉంది. "లోపల ఇనుము మోగితే ప్రాణం దక్కదు" అంది అది. చెంగి సుత్తిని అక్కడే వదిలి, దివిటీ వెలిగించుకుని లోపలికి దిగింది.

లోపల సమ్మెటలెత్తిన మనుషులు బారులుతీరి ఉన్నారు. అందరూ రాళ్ళే. ఒక రాతికి ఓబులు ముఖం ఉంది. చెంగి దివిటీ ఎత్తి ఆ ముఖాన్ని తడిమి చూసింది. అంతలో ఎదుటి గోడ కళ్ళు తెరిచింది. అది గోడ కాదు, కప్పును భుజాన మోస్తున్న భూతం.

"ఎందుకొచ్చావు?"

"మా అన్న కోసం తాతా. నాకు చాలా భయంగా ఉంది."

"నాకూ భయమే పిల్లా. ఈ భుజం జారితే కొండ కింది ఊళ్ళన్నీ సమాధే."

మిగిలిన ఒక్క స్తంభం మీద సమ్మెట ఎత్తినవాళ్ళనే తాను రాళ్ళుగా మార్చానని చెప్పింది భూతం. మరో స్తంభం కడితే వాళ్ళను విడిచిపెడతావా అని చెంగి అడిగింది. అది సరేనంది.

పాతవాళ్ళు తవ్విపోసిన రాళ్ళను చెంగి ఒక్కొక్కటే మోసుకొచ్చి పేర్చింది. రాయి పెట్టినప్పుడల్లా కప్పు నుంచి మట్టి రాలేది. ఏడుస్తూనే పేర్చింది. ఆఖరి రాయి బిగించాక భూతం మెల్లగా భుజం తీసింది. కొండ ఫెళఫెళమంది. చెంగి కళ్ళు మూసుకుంది.

కప్పు నిలిచింది.

భూతం విడిచిన నిట్టూర్పు తగిలి రాతిమనుషులు కదిలారు. ఓబులు సమ్మెట జారవిడిచి మంచినీళ్ళడిగాడు. భూతం వాళ్ళకు కొండవాగు చూపించింది. అడుగున నల్లటి, బరువైన ఇసుక మెరుస్తోంది.

"కొండను పగలగొట్టొద్దు. వానలు కడిగి తెచ్చే ఈ ఇసుకను కరిగిస్తే తగరమే" అని చెప్పి అది గాలిలో కలిసిపోయింది.

గిన్నెలకు మళ్ళీ కళాయి పడింది. తండ్రి లేచి కూర్చున్నాడు. రాజు కాకికొండ సీమకు చెంగినే ఏలికను చేశాడు. ఏలిక అయ్యాక కూడా గనిలోకి దిగేటప్పుడు ఆమె కాళ్ళు వణికేవట. అయినా ఆ స్తంభాన్ని చూసి రమ్మని మరొకరిని ఎన్నడూ పంపలేదు.