అద్దాల షెడ్డులో పెదవులు

పొద్దు గుంకిందంటే క్రాండల్ స్టూడియోలో అద్దాల షెడ్డు వైపు వెళ్ళే మగాడు లేడు. పగలంతా గుర్రాల మీంచి దూకే వీరులు కూడా చీకటి పడితే చుట్టూ తిరిగి నిమ్మతోట పక్కనుంచి ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఆ షెడ్డుకి కప్పూ గోడలూ అన్నీ అద్దాలే. ఎండ వెలుగులో సినిమాలు తీసే రోజుల్లో కట్టింది. సినిమా తార కోరలీ వేన్ అందులోనే చచ్చిపోయింది — షూటింగ్ మధ్యలో, కెమెరా తిరుగుతుండగా, మేడమెట్ల సెట్టు మీంచి పడి. మర్నాడే యజమాని హాలిస్ క్రాండల్ అద్దాలన్నిటికీ నల్లరంగు కొట్టించి తాళం వేయించాడు.

అప్పట్నించీ అక్కడ కోరలీ కనిపిస్తోందని చెప్పుకునేవాళ్ళు.

ముందు చూసినవాడు వాచ్‌మన్ డఫీ. తాళం తీసి లోపలికి తొంగి చూశాడట. మెట్ల పైన తెల్లగా... నిలబడి ఉందట. నోరు కదుపుతోందట. మాట మాత్రం వినపడలేదట. మూగ సినిమాల తార దెయ్యమైతే మాత్రం నోరొస్తుందా అని పగలు అందరూ నవ్వుకునేవాళ్ళు. రాత్రి నవ్విన పాపాన పోయినవాడు లేడు.

ఒక్క ఐడా ప్రూయెట్ మాత్రం పగలు కూడా నవ్వేది కాదు.

ఐడా ఆ స్టూడియోలో ఫిల్ము కత్తిరించి అతికించే మనిషి. అమ్మా నాన్నా ఇద్దరూ పుట్టుచెవిటివాళ్ళు. చెవులు శుభ్రంగా పనిచేస్తున్నా ఐడా మాటలు నేర్చుకున్నది పెదవులు చూసే. ఎదుటివాళ్ళ మాటలు కళ్ళతో వినేది. క్రాండల్‌కి ఆ విద్యతో పెద్ద అవసరం పడింది. ఎందుకంటే సినిమాకి వచ్చే చెవిటివాళ్ళ దగ్గర ఏదీ దాగదు. ఒక ప్రేమ సన్నివేశంలో తెర మీద హీరో గుండె కరిగేలా చూస్తుంటే, హీరోయిన్ "ఉల్లిపాయలు తిని చచ్చావా, గాడిదా, అటు తిరుగు" అంటోందని ఊరూరి నించీ ఉత్తరాలొచ్చాయి. ఆ దెబ్బతో, సినిమా బయటికి పోయే ముందు పెదవులన్నీ ఐడా చదవాలని కట్టడి చేశారు.

కోరలీ ఆఖరి ఫిల్మూ ఐడాయే చదివింది.

అందులో కోరలీ మెట్ల కింద నిలబడి, కెమెరా పక్కనున్న క్రాండల్ వైపు తిరిగి ఏదో అంటుంది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. తర్వాత పైకి వెళుతుంది. రెయిలింగ్ మీద చెయ్యి వేసి వంగుతుంది. అంతే.

ఆ మాటలు చదివిన సాయంత్రం ఐడా వెళ్ళి క్రాండల్‌కి చెప్పింది. ఆయన అరవలేదు. తలుపు వేసి, నెమ్మదిగా, ఆ ముక్క బయటపడితే స్టూడియో మూతపడుతుందనీ, రెండు వందల ఇళ్ళలో పొయ్యి వెలగదనీ, అందులో ఆమె ఇల్లు కూడా ఒకటనీ చెప్పాడు. ఐడా ఆ పదిహేడు అడుగుల ఫిల్మునీ కత్తిరించింది. దొడ్లో ఇనప బకెట్టులో వేసి అగ్గిపుల్ల గీసింది. అది భగ్గున లేచి, కనురెప్ప వేసేలోపు పోయింది.

విచారణలో బైబిలు మీద చెయ్యి వేయించి, ఆ ఫిల్ములో కోరలీ ఏమంటోంది అని అడిగారు. సన్నివేశంలో అనవలసిన మాటలేనండీ అని చెప్పింది ఐడా.

నేరం గస్ లిండాల్ మీద పడింది. గస్ దీపాల మేస్త్రీ, యాభై ఏళ్ళవాడు. దీపాల తీగ కట్టడానికి రెయిలింగ్ వదులు చేసింది అతనే అన్నారు. పేపర్లకి అది చాల్లేదు. కోరలీకీ అతనికీ ముడిపెట్టారు, అసూయ అంటగట్టారు, దొంగసారా విందుల్లో ఇద్దర్నీ చూశామని రాశారు. చర్చి ఆడవాళ్ళు ఆమె బొమ్మలు వీధిలో తగలబెట్టారు. గస్ పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక ఏ స్టూడియో గేటూ తెరుచుకోలేదు. పసడీనాలో పంతులమ్మగా ఉన్న కూతురు వాళ్ళమ్మ ఇంటిపేరు పెట్టుకుంది.

మూడేళ్ళు గడిచాయి. సినిమాలకి మాటలొచ్చాయి. అద్దాల షెడ్డు ఇక ఎందుకూ పనికిరాదు, తెల్లారితే కూల్చేస్తారన్నారు.

ఆ రాత్రి ఐడా పని ముగించి నిమ్మతోట దారి పట్టింది. చెట్ల కింద ఎవరో నిలబడి ఉన్నారు. చేతిలో టార్చి. చిక్కిపోయాడు గానీ, గస్.

"భయపడకు, ఐడా. నేనే."

అతను దగ్గరికి రాలేదు.

"రేపు పడగొట్టేస్తున్నారట. డఫీ తాళం తీసి పెట్టాడు. నువ్వొకసారి లోపలికి రావాలి."

"నేనెందుకు, గస్ గారూ..."

"ఆమె ఏదో చెబుతోందంటున్నారు కదా. ఈ ఊరు మొత్తం మీద అది చదవగలిగేది నువ్వొక్కదానివే. నా గురించేమైనా అంటోందేమో... తిట్టినా సరే. నాకు తెలియాలి."

కాదనడానికి ఐడాకి వంద సాకులున్నాయి. అతని కోటు మోచేతి దగ్గర చిరిగి ఉంది. ఆ చిరుగుని చూస్తూ తలూపింది.

తలుపు కిర్రుమంది.

లోపల చీకటి. నల్లరంగు పూసిన అద్దాల్లోంచి చుక్క వెలుగు రావటం లేదు. దుమ్ము వాసన, పాత జిగురు వాసన. గస్ టార్చిని కాళ్ళ దగ్గరికి వంచి పట్టుకున్నాడు. అడుగు... అడుగు... సెట్టు మెట్లు తగిలాయి.

"ఇక్కడే," అన్నాడు గుసగుసగా.

ఐడా తలెత్తింది.

పైన తెల్లగా ఏదో కదిలింది.

అవే భుజాలు. అదే గౌను. మూడేళ్ళుగా కళ్ళు మూసుకుంటే చాలు వచ్చి నిలబడే మొహం — కళ్ళ కింద కాటుక, కాస్త వంకరగా ఉన్న పై పన్ను — ఇప్పుడు కళ్ళు తెరిచినా కనబడుతోంది. ఆ పెదవులు కదులుతున్నాయి.

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఏమంటోంది?"

ఒక్క అబద్ధం చాలు. మిమ్మల్ని క్షమించానంటోంది అంటే ఈ ముసలాయన కళ్ళు తుడుచుకుని ఇంటికి పోతాడు. తెల్లారితే షెడ్డూ ఉండదు, కోరలీ ఉండదు. ఐడా నిజంగానే ఆ మాట అనబోయింది. కానీ పైనున్న పెదవులు ఆగటం లేదు. చెప్పిందే చెబుతున్నాయి... మళ్ళీ మొదటినించీ...

"రెయిలింగ్ ఊగుతోంది, హాలిస్," అంది ఐడా. గొంతు తనది కానట్టుంది. "నిన్ననే చెప్పాను. కెమెరాకి అడ్డమని నువ్వే తీయించావు. మళ్ళీ పెట్టినప్పుడు స్క్రూలు వేయించలేదు, రెండు మేకులు కొట్టించి ఊరుకున్నావు. నాకు భయంగా ఉంది, నేనెక్కను." ఊపిరి తీసుకుంది. "ఎండ పోతోందని క్రాండల్ అన్నట్టున్నాడు. 'సరే, ఈ ఒక్కసారే' అంటోంది."



గస్ టార్చిని మెల్లగా పైకెత్తాడు. వెలుగు ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. పైన ఎవరూ లేరు. ఎండ ఘాటు తగ్గించడానికి ఒకప్పుడు కప్పు కింద కట్టిన పల్చటి గుడ్డ ఒక కొస ఊడి, వేలాడుతూ, తలుపులోంచి వస్తున్న గాలికి ఊగుతోంది.

"నాకు కనబడిందింతే," అన్నాడు. "తెల్లగా ఏదో ఊగింది. మొహమే కనబడలేదు. ఈ చీకట్లో పెదవులెలా చదివావమ్మా?"

ఐడా గుడ్డ వంక చూస్తూ ఉండిపోయింది.

"మేకుల సంగతి నాకే తెలీదు," అన్నాడు గస్. "జడ్జికి తెలీదు. నీకెవరు చెప్పారు?"

దెయ్యం చెప్పింది అనొచ్చు. ఇప్పటికీ అనొచ్చు. దెయ్యం సాక్ష్యాన్ని ఏ కోర్టూ తీసుకోదు. క్రాండల్ హాయిగా నిద్రపోతాడు, ఆమె ఉద్యోగం ఆమెకుంటుంది. ఆ మాట తలపుకి వచ్చినందుకే ఐడాకి తన మీద అసహ్యమేసింది.

వాళ్ళింట్లో రాత్రిపూట ఎవరైనా నోరు తెరిచి ఏదైనా చెప్పాలంటే ముందు దీపాన్ని తమ మొహం దగ్గరికి తెచ్చుకోవాలి. లేకపోతే అమ్మకీ నాన్నకీ అది మాట కిందే లెక్క కాదు. చీకట్లో అన్నదేదీ ఆ ఇంట్లో అన్నట్టు కాదు.

ఐడా చెయ్యి చాచి గస్ చేతిలో టార్చి తీసుకుంది. తన మొహం మీదికి తిప్పుకుంది.

"ఆమె చచ్చాక చెప్పలేదు, గస్ గారూ. బతికుండగానే చెప్పింది. ఫిల్ములో ఉంది. నేను చదివాను. చదివి కాల్చేశాను. బైబిలు మీద చెయ్యి వేసి అబద్ధం చెప్పాను."

గస్ కింద మెట్టు మీద కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తిడతాడనుకుంది, కొడతాడనుకుంది. కొడితే బాగుండుననిపించింది. అతను వెలుగులో ఉన్న ఆమె నోటి వంకే చూస్తున్నాడు. చెవులు బాగానే ఉన్న మనిషి, చెవిటివాడిలా చూస్తున్నాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది.